వీటీఎఫ్ ఫైలు లోపల ఏముంటుంది?

వాల్వ్ సంస్థ సోర్స్ ఇంజిన్ మీద నడిచే గేమ్‌లకు మాడ్‌లు (ఆటను మార్చే చేర్పులు), మ్యాపులు తయారుచేసేవారి ఫోల్డర్లు తెరిస్తే వీటీఎఫ్ అన్న ఎక్స్‌టెన్షన్‌తో ఫైళ్లు కుప్పలుగా కనిపిస్తాయి. గోడలు, తలుపులు, ముఖాలు, నేల మీది గడ్డి, ఇలా ఆ లోకంలో కంటికి కనిపించే ప్రతి ఉపరితలం బొమ్మా వాటిలోనే ఉంటుంది. అయితే విండోస్‌లోని మామూలు ఫొటో వ్యూయర్‌కు వాటిని ఇస్తే తెరవలేనని చెప్పేస్తుంది. ఎక్స్‌టెన్షన్‌ను పీఎన్‌జీగా మార్చి చూడమని సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు గానీ, పేరు మారినంత మాత్రాన లోపలి బైట్లు మారవు కనుక దానివల్ల ఒరిగేదేమీ లేదు. వీటీఎఫ్ (VTF) అంటే వాల్వ్ టెక్స్చర్ ఫార్మాట్, ఆ సంస్థ తన ఇంజిన్ కోసం తానే రూపొందించుకున్నది. టెక్స్చర్ అంటే ఉపరితలం మీద పరిచే బొమ్మ. 2004 నవంబరులో హాఫ్‌లైఫ్ 2 విడుదలతో ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఇటువంటి ఫార్మాట్‌ను అర్థం చేసుకోవాలంటే ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటే అని నా నమ్మకం: ఈ ఫైలును చివరికి చదివేది ఎవరు? చదివేది మనిషి కన్ను కాదు, గ్రాఫిక్స్ కార్డు. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే ఈ ఫార్మాట్‌లో వింతగా తోచే ప్రతి ఏర్పాటుకూ కారణం దొరుకుతుంది.

జేపీజీ, పీఎన్‌జీ వంటివి నిల్వకూ పంపకానికీ పుట్టిన ఫార్మాట్లు. వాటిని తెరిచేటప్పుడు ప్రాసెసర్ మొత్తం బొమ్మను విప్పి, ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా (మామూలుగా పారదర్శకత) అనే నాలుగు విలువల చొప్పున మెమరీలో పరుస్తుంది. 1024 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న బొమ్మ ఈ లెక్కన 41,94,304 బైట్లు ఆక్రమిస్తుంది. ఒక వీధిని చూపించడానికి కావలసిన టెక్స్చర్లన్నీ ఈ రూపంలోనే పెట్టుకోవాలంటే ఆనాటి గ్రాఫిక్స్ కార్డుల మెమరీ చాలేది కాదు. అలాగని జేపీజీని ఉన్నదున్నట్టు కార్డుకు ఇచ్చినా లాభం లేదు. అందులో ఒక్కో భాగం ఒక్కో పొడవులో కుదించి ఉంటుంది కనుక, బొమ్మ మధ్యలోని ఒక పిక్సెల్ కావాలంటే దానికి ముందున్న భాగాన్ని విప్పుకుంటూ రావాలి. గ్రాఫిక్స్ కార్డుకు కావలసింది ఏ పిక్సెల్‌నైనా అడిగిన తక్షణం అందుకోగలగడం. అన్ని అరలూ ఒకే కొలతలో ఉన్న బీరువాలో ఫలానా అర ఎంత ఎత్తున ఉందో తలుపు తీయకుండానే లెక్కకట్టి చెప్పవచ్చు. కార్డుకు కూడా అలాంటి అమరికే కావాలి. ఎస్3 సంస్థ 1998లో సావేజ్ 3డీ కార్డుతో తెచ్చిన ఎస్3టీసీ కుదింపు పద్ధతి ఈ అవసరాన్నే తీర్చింది. మైక్రోసాఫ్ట్ దానిని తన గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ డైరెక్ట్ఎక్స్‌లోకి తీసుకుని డీఎక్స్‌టీ1, డీఎక్స్‌టీ3, డీఎక్స్‌టీ5 వంటి పేర్లతో అందించింది. వీటీఎఫ్ ఫైళ్లలో చాలా వాటిలో ఉండేది ఈ డీఎక్స్‌టీ డేటాయే. అంటే వాల్వ్ సొంతంగా కల్పించుకున్నది పైన ఉన్న కవరు మాత్రమే. లోపలి సరుకు గ్రాఫిక్స్ కార్డులన్నిటికీ తెలిసినదే.

ఇక కవరు సంగతి చూద్దాం. బైట్లను అంకెలుగా చూపించే ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో ఒక 7.2 వెర్షన్ ఫైలును తెరిస్తే మొదటి 20 బైట్లు ఇలా కనిపిస్తాయి: 56 54 46 00 07 00 00 00 02 00 00 00 50 00 00 00 00 04 00 04. మొదటి మూడు బైట్లు ఫార్మాట్ పేరులోని మూడు ఇంగ్లీషు అక్షరాల ఆస్కీ సంకేతాలు, నాలుగోది సున్నా. ఎక్స్‌టెన్షన్ ఏమైనా ఈ నాలుగు బైట్లు ఉంటేనే అది వీటీఎఫ్ ఫైలు. తర్వాతి ఎనిమిది బైట్లలో రెండు సంఖ్యలున్నాయి, 7, 2. అదే వెర్షన్. ఒక సంఖ్యకు సంబంధించిన బైట్లలో చిన్న స్థానానిది ముందు వస్తుంది. దీనినే లిటిల్ ఎండియన్ అంటారు; ఇంటెల్ ప్రాసెసర్లు సంఖ్యలను మెమరీలో పెట్టుకునే తీరు కూడా ఇదే. ఆ తర్వాతి 50 అన్నది పదహారు ఆధారపు సంఖ్య, మన దశాంశంలో 80. హెడర్, అంటే ఫైలు మొదట ఉండే వివరాల భాగం, మొత్తం పొడవు 80 బైట్లని ఫైలు తానే చెబుతోందన్నమాట. చివరి నాలుగు బైట్లలో వెడల్పు, ఎత్తు రెండేసి బైట్ల చొప్పున ఉన్నాయి. 00 04 ను తిప్పి చదివితే 0400, అంటే 1024.

ఆ తర్వాత ఉన్న అంశాలు నాకు మరీ ఇష్టమైనవి, ఎందుకంటే గేమ్ ఎలా ఆలోచిస్తుందో వాటిలో కనిపిస్తుంది. బైట్లను సున్నా నుంచి లెక్కిస్తే 20వ బైటు దగ్గర ఫ్లాగులు, అంటే అవును, కాదు అని చెప్పే గుర్తులు ఉంటాయి: ఈ టెక్స్చర్ అంచుల వద్ద మళ్లీ మొదలవ్వాలా, ఇది నార్మల్ మ్యాపా (ఉపరితలం ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పేదా), దీనికి ఆల్ఫా ఉందా వంటి సంగతులు ఒక్కో బిట్‌లో దాచి ఉంటాయి. 24 దగ్గర ఫ్రేముల సంఖ్య ఉంటుంది, ఎందుకంటే కదిలే నీరూ మెరిసే తెరా కూడా ఒకే ఫైలులో పట్టాలి. 32వ బైటు నుంచి మూడు ఫ్లోట్ (దశాంశ బిందువు ఉండే) సంఖ్యలున్నాయి. అది ఆ టెక్స్చర్ సగటు రంగు. మ్యాపును కంపైల్ చేసేటప్పుడు వెలుతురు లెక్కలు వేసే ప్రోగ్రాం ఎర్ర గోడ మీద పడిన వెలుగు పక్కనున్న తెల్ల గోడకు ఎంత ఎరుపును పంచుతుందో ఈ మూడు సంఖ్యలను చూసి నిర్ణయిస్తుంది. మామూలు బొమ్మల ఫైలులో ఇలాంటి సమాచారానికి తావే ఉండదు. 52 దగ్గర ముఖ్య బొమ్మ పిక్సెల్ ఫార్మాట్ సంఖ్య ఉంటుంది. అది 13 అయితే డీఎక్స్‌టీ1, 14 అయితే డీఎక్స్‌టీ3, 15 అయితే డీఎక్స్‌టీ5. సున్నా అయితే కుదింపు లేని నాలుగు చానళ్ల (ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా) బొమ్మ. 56వ బైటులో మిప్‌మ్యాప్‌ల, అంటే అదే బొమ్మకు వేర్వేరు కొలతల నకళ్ల సంఖ్య ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మిప్‌మ్యాప్‌ల సంఖ్యకు ఒక్క బైటే కేటాయించారు కనుక, తర్వాతి నాలుగు బైట్ల అంశం, అంటే చిన్న బొమ్మ (దాని సంగతి కింద చెబుతాను) పిక్సెల్ ఫార్మాట్, 57వ బైటు దగ్గర మొదలవుతుంది. సీ భాషలో ఇవే అంశాలతో ఒక స్ట్రక్చర్ (అంశాలను వరుసగా అమర్చే నమూనా) రాసుకుని ఫైలును నేరుగా అందులోకి చదివితే, కంపైలరు తన అలవాటు కొద్దీ నాలుగు బైట్ల సంఖ్యను నాలుగుతో భాగింపబడే స్థానానికి జరిపి 60 దగ్గర పెడుతుంది. అప్పటినుంచి ప్రతి అంశమూ మూడు బైట్లు తప్పి కనిపిస్తుంది. చిన్న బొమ్మ వెడల్పు, ఎత్తు అర్థంలేని అంకెలుగా వస్తాయి, చివరికి ఫైలే పాడైందన్న అనుమానం కలుగుతుంది. స్ట్రక్చర్‌ను ఖాళీలు లేకుండా ప్యాక్ చేయమని కంపైలరుకు ముందే చెప్పాలి. పైథాన్‌లో స్ట్రక్ట్ మాడ్యూల్‌తో చదివేవారు లిటిల్ ఎండియన్ గుర్తును ముందు పెడితే చాలు, అది ఖాళీలను తనంతట తాను చేర్చదు. తెలియని ఫార్మాట్లను చదివేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ జాతివే.

61, 62 బైట్లలో చిన్న బొమ్మ కొలతలున్నాయి, సాధారణంగా 16, 16. ఈ చిన్న బొమ్మ ఎప్పుడూ డీఎక్స్‌టీ1 లోనే ఉంటుంది. ఫోల్డరులో థంబ్‌నెయిల్ కోసం పెట్టారేమో అనిపిస్తుంది గానీ, దీనికి ఆటలోనే పని ఉంది. గోడకు తూటా తగిలినప్పుడు లేచే దుమ్ము ఏ రంగులో ఉండాలో తేల్చడానికి ఇంజిన్ ఆ చోటి రంగును ఈ చిన్న బొమ్మలో చూసుకుంటుంది. పెద్ద బొమ్మ అప్పటికే గ్రాఫిక్స్ కార్డు మెమరీలోకి వెళ్లిపోయి ఉంటుంది. దానిని వెనక్కి తెప్పించి చదవడం ఖర్చుతో కూడిన పని. అందుకని ప్రాసెసర్‌కు అందుబాటులో ఉండేలా ఒక చిన్న నకలును ఉంచుకున్నారు.

హెడర్ అయిపోయింది. ఇప్పుడు నేను ఏ టెక్స్చర్ ఫార్మాట్‌కైనా తప్పక చేసే పరీక్ష, అంటే సైజు లెక్క. పైన చూసిన 1024×1024 ఫైలు డీఎక్స్‌టీ5 అనుకుందాం. ఈ పద్ధతిలో బొమ్మను నాలుగు పిక్సెళ్ల వెడల్పు, నాలుగు పిక్సెళ్ల ఎత్తు ఉన్న బ్లాకులుగా కోస్తారు, ఒక్కో బ్లాకుకు 16 బైట్లు. కనుక పెద్ద బొమ్మకు 256×256 బ్లాకులు, 10,48,576 బైట్లు. ఆ తర్వాత మిప్‌మ్యాప్‌లు, అంటే దూరంగా ఉన్న గోడ మీద వాడటానికి ముందే సగం సగం చేసి పెట్టుకున్న బొమ్మలు. 512 కొలతదానికి 2,62,144, 256 కొలతదానికి 65,536, ఇలా తగ్గుతూ 4×4 వద్ద 16 బైట్లకు చేరుతుంది. 2×2, 1×1 బొమ్మలకు నిజానికి అన్ని పిక్సెళ్లు లేకపోయినా బ్లాకుకన్నా చిన్న ముక్క ఉండదు కనుక వాటికీ 16 చొప్పున పడతాయి. మొత్తం 11 మెట్లు, కూడితే 13,98,128 బైట్లు. దీనికి 16×16 చిన్న బొమ్మ తాలూకు 128 బైట్లు, హెడరు 80 బైట్లు కలిపితే 13,98,336. ఫైలు ప్రాపర్టీస్‌లో సరిగ్గా అదే సంఖ్య కనిపిస్తే మన అవగాహనలో ఎక్కడా లోటు లేదని అర్థం. ఒక్క బైటు తేడా వచ్చినా ఏదో అంశాన్ని మనం గమనించలేదన్నమాట. తెర మీద బొమ్మ కనబడటాన్ని నేను రుజువుగా తీసుకోను, ఎందుకంటే సగం తప్పు చదివినా బొమ్మలాంటిదేదో కనిపిస్తుంది. సైజు లెక్క అలా సరిపెట్టుకోదు.

ఈ 11 మెట్లు ఫైలులో ఏ వరుసలో ఉన్నాయన్నది తెలియకపోతే అంతా తలకిందులవుతుంది. డైరెక్ట్ఎక్స్ టెక్స్చర్లకు వాడే డీడీఎస్ ఫైలులో పెద్ద బొమ్మ ముందు, చిన్నవి వెనుక. వీటీఎఫ్‌లో దానికి విరుద్ధంగా 1×1 బొమ్మ ముందు వస్తుంది, పూర్తి కొలత బొమ్మ ఫైలు చిట్టచివర ఉంటుంది. మన ఉదాహరణలో హెడరు, చిన్న బొమ్మ దాటాక 208వ బైటు దగ్గర 1×1 మెట్టు మొదలవుతుంది. 1024 కొలత బొమ్మ 3,49,760వ బైటు దగ్గర మొదలై ఫైలు చివరి వరకు సాగుతుంది. తక్కువ మెమరీ ఉన్న కంప్యూటర్‌లో టెక్స్చర్ నాణ్యత తగ్గించి ఆడేవారికి పెద్ద మెట్టు అక్కర్లేదు. ఈ వరుసలో ఫైలు మొదటి నుంచి కావలసినంత వరకు ఒకే పట్టున చదివి ఆగిపోవచ్చు. ఫ్రేములు ఎక్కువ ఉన్న టెక్స్చర్‌లో ముందు అన్ని ఫ్రేముల చిన్న మెట్టు, తర్వాత అన్ని ఫ్రేముల తర్వాతి మెట్టు, ఇలా వెళుతుంది. ఒక ఫ్రేము మొత్తం ఒకేచోట ఉంటుందని ఊహించుకుంటే మాత్రం దొరకదు. ఆరు ముఖాలుండే పరిసర ప్రతిబింబాల టెక్స్చర్లలోనూ ఇదే క్రమం: మెట్టు, అందులో ఫ్రేము, అందులో ముఖం.

ఇప్పుడు ఒక బ్లాకును చేతితో విప్పి చూద్దాం. డీఎక్స్‌టీ1 బ్లాకుకు 8 బైట్లు. దశాంశంలో రాస్తే అవి 0, 248, 31, 0, 0, 85, 170, 255 అనుకుందాం. మొదటి రెండు బైట్లు మొదటి రంగు. 248ని పై బైటుగా తీసుకుంటే బైనరీలో 11111 000000 00000 అవుతుంది. ఇందులో ఎరుపుకు 5 బిట్లు, ఆకుపచ్చకు 6, నీలానికి 5. కాబట్టి ఇది నిండు ఎరుపు. తర్వాతి రెండు బైట్లు 00000 000000 11111, నిండు నీలం. ఫైలులో ఉన్న రంగులు ఈ రెండే. మరో రెండింటిని మనం లెక్కకట్టుకోవాలి. ఎరుపు రెండు వంతులు, నీలం ఒక వంతు కలిపితే మూడో రంగు: 170, 0, 85. ఎరుపు ఒక వంతు, నీలం రెండు వంతులు కలిపితే నాలుగోది: 85, 0, 170. మిగిలిన నాలుగు బైట్లు నాలుగు వరుసలు. ఒక్కో పిక్సెల్‌కు రెండు బిట్లు, అవి ఈ నాలుగు రంగుల్లో ఏది వాడాలో చెబుతాయి. 0 అంటే నాలుగు పిక్సెళ్లూ 00, కనుక మొదటి వరుస అంతా ఎరుపు. 85 అంటే 01 01 01 01, రెండో వరుస అంతా నీలం. 170 అంటే 10 10 10 10, మూడో రంగు. 255 అంటే 11 11 11 11, నాలుగో రంగు. ఎనిమిది బైట్లలో పదహారు పిక్సెళ్లు వచ్చేశాయి. నాలుగు చానళ్ల మామూలు బొమ్మలో ఇదే ముక్కకు 64 బైట్లు కావాలి.

ఇందులో మరో నియమం దాగి ఉంది. రెండు రంగులనూ 16 బిట్ల సంఖ్యలుగా పోల్చినప్పుడు మొదటిది రెండోదానికన్నా పెద్దదైతేనే పై లెక్క వర్తిస్తుంది. సమానమైనా చిన్నదైనా మూడు రంగులే ఉంటాయి. మూడోది మొదటి రెండింటి సగటు, నాలుగో సంఖ్యకు పారదర్శకమైన నలుపు అని అర్థం. ఒక్క బిట్ కూడా అదనంగా ఖర్చు పెట్టకుండా, రెండు సంఖ్యల వరుస క్రమంతోనే పారదర్శకత ఉందో లేదో చెప్పిన ఈ ఉపాయం నన్ను ప్రతిసారీ ముగ్ధుణ్ణి చేస్తుంది. సొంతంగా డీకోడర్ రాసినవారు ఈ నియమాన్ని పాటించకపోతే బొమ్మ మీద అక్కడక్కడా పొంతన లేని రంగు మచ్చలు వస్తాయి. డీఎక్స్‌టీ5లో మాత్రం రంగు భాగాన్ని ఎప్పుడూ నాలుగు రంగుల లెక్కతోనే చదవాలి, ఎందుకంటే అక్కడ పారదర్శకతకు వేరే 8 బైట్లు కేటాయించారు: రెండు ఆల్ఫా విలువలు, వాటి నడుమ ఒక్కో పిక్సెల్ ఎక్కడ నిలుస్తుందో చెప్పే మూడేసి బిట్లు.

ఆల్ఫా మాట వచ్చింది కనుక, ఫైలు సరిగ్గా తెరిచాక కూడా చాలామందిని కంగారు పెట్టే సంగతి ఒకటి చెప్పాలి. బొమ్మ వెలసిపోయినట్టో, సగం మాయమైనట్టో కనిపిస్తుంది. ఫైలు పాడవలేదు, డీకోడర్ తప్పు కూడా కాదు. ఆల్ఫా చానల్ అంటే పారదర్శకతేనని బొమ్మలు చూపించే ప్రోగ్రాములు అనుకుంటాయి. గేమ్‌లో ఆ చానల్‌ను ఏ పనికైనా వాడుకోవచ్చు. ఇనుప తలుపు టెక్స్చర్‌లో ఎక్కడ మెరుపు ఉండాలి, ఎక్కడ తుప్పు పట్టి మెరవకూడదు అన్న సమాచారాన్ని ఆల్ఫాలో పెట్టడం సర్వసాధారణం. ఆ ఆల్ఫాకు అర్థం ఏమిటన్నది వీటీఎఫ్‌లో ఉండదు. పక్కనే ఉండే వీఎంటీ అనే చిన్న టెక్స్ట్ ఫైలులో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే ఆ మెటీరియల్ ఫైలే ఏ షేడర్ (ఉపరితలాన్ని తెర మీద గీసే చిన్న ప్రోగ్రాం) వాడాలి, ఏ టెక్స్చర్ రంగుకు, ఏది నార్మల్ మ్యాపుకు అన్నది నిర్ణయిస్తుంది. కాబట్టి బొమ్మ తేడాగా కనిపిస్తే ముందు ఆల్ఫా చూపించడం ఆపి చూడాలి, తర్వాత వీఎంటీ చదవాలి. నీలి ఊదా రంగులో కనిపించే నార్మల్ మ్యాపుల విషయమూ అంతే. అందులోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు రంగులు కావు, ఆ బిందువు వద్ద ఉపరితలం ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పే కొలతలు. అటువంటి వాటిని జేపీజీగా మార్చి భద్రపరిస్తే కొలతలు చెడిపోతాయి, ఆల్ఫా పూర్తిగా పోతుంది. పీఎన్‌జీగానో టీజీఏగానో, నాలుగు చానళ్లతో దాచుకోవాలి.

వెర్షన్ 7.3 నుంచి హెడర్ కొద్దిగా మారింది. 68వ బైటు దగ్గర రిసోర్సుల సంఖ్య వస్తుంది. 80వ బైటు నుంచి ఒక్కోదానికి 8 బైట్ల చొప్పున విషయసూచిక మొదలవుతుంది: మూడు బైట్ల గుర్తు, ఒక ఫ్లాగు, నాలుగు బైట్ల స్థానం. గుర్తు 01 అయితే చిన్న బొమ్మ, పదహారు ఆధారంలో 30 అయితే ముఖ్య బొమ్మ. కనుక కొత్త వెర్షన్లలో డేటా ఎక్కడుందో మనం ఊహించకూడదు, ఈ పట్టిక చెప్పిన చోటికే వెళ్లాలి.

ఇదంతా తెలియకుండా ఫైలును కేవలం చూడాలనుకునేవారికి వీటీఎఫ్ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దాని వెనుక ఉన్న వీటీఎఫ్‌లిబ్ లైబ్రరీ ఓపెన్ సోర్స్. వాల్వ్ కూడా ఈ ఫార్మాట్‌ను దాచిపెట్టలేదు. డెవలపర్ల కోసం వివరణ ఇచ్చింది, సోర్స్ ఎస్‌డీకే 2013 కోడ్‌లో హెడర్ నిర్వచనం కూడా ఉంది. ఒక సంస్థ సొంత ఫార్మాట్ అయినంత మాత్రాన అది రహస్యం కానక్కర్లేదనడానికి ఇది మంచి ఉదాహరణ. అయితే నేను ఎక్కువగా వాడే దారి వేరు. పెద్ద మెట్టు తాలూకు డీఎక్స్‌టీ బ్లాకులను ఉన్నవి ఉన్నట్టు కోసి తీసి, వాటి ముందు 128 బైట్ల డీడీఎస్ హెడర్ అతికిస్తాను. డీడీఎస్‌లో ఎత్తు 12వ బైటు దగ్గర, వెడల్పు 16 దగ్గర, అంటే ఎత్తే ముందు వస్తుంది. ఏ డీఎక్స్‌టీ అన్నది 84వ బైటు దగ్గర నాలుగు అక్షరాలలో రాయాలి. అలా తయారైన ఫైలును ఇప్పటి గింప్, ఇమేజ్‌మ్యాజిక్, పైథాన్‌లోని పిల్లో లైబ్రరీ తెరుస్తాయి. ఇందులో బొమ్మను విప్పి మళ్లీ కుదించడం లేదు కనుక ఒక్క పిక్సెల్ కూడా చెడదు. వీటీఎఫ్‌ను పీఎన్‌జీ చేసి, దానిని దిద్ది మళ్లీ డీఎక్స్‌టీలోకి కుదిస్తే, ప్రతిసారీ బ్లాకుల్లోని రంగులను కొత్తగా అంచనా వేయవలసి వస్తుంది, ఆ మేరకు నాణ్యత తగ్గుతూ పోతుంది.

లైనక్స్ వాడేవారికి ఈ దారి చాలా ఏళ్లు సులువుగా లేదు. ఎస్3టీసీ మీద అమెరికాలో పేటెంటు ఉండటం వల్ల, స్వేచ్ఛా గ్రాఫిక్స్ డ్రైవర్ల సముదాయమైన మెసా దానిని తనలో కలుపుకోలేక, విడిగా దొరికే ఒక లైబ్రరీ మీద ఆధారపడవలసి వచ్చింది. 2017 అక్టోబరు 2న ఆ పేటెంటు గడువు తీరింది, ఆ వెంటనే మెసాలో నేరుగా మద్దతు చేరింది. ఎనిమిది బైట్లలో పదహారు పిక్సెళ్లు పట్టించే ఒక లెక్క ఇన్నేళ్లు ఒకరి అనుమతి కోసం ఎదురుచూడవలసి రావడం నాకు ఎప్పటికీ బాధగానే ఉంటుంది.

వివరణే లేని ఫార్మాట్ చేతికి వస్తే కూడా పని ఇదే వరుసలో సాగుతుంది: మొదటి నాలుగు బైట్లలో ఏమైనా గుర్తు ఉందా, తర్వాత ఎక్కడైనా 256, 512, 1024 వంటి సంఖ్యలు రెండు పక్కపక్కన ఉన్నాయా, ఆ కొలతలతో 8 బైట్ల బ్లాకుల లెక్కా 16 బైట్ల లెక్కా ఫైలు సైజుకు సరిపోతుందా. ఏ లెక్కా దగ్గరకు రాకపోయినా, ఫైలు అంతటా బైట్లు ఒక తీరూ తెన్నూ లేకుండా కనిపించినా, అది పైనుంచి మరో కుదింపు జరిగినదైనా కావాలి, ఎన్‌క్రిప్ట్ చేసినదైనా కావాలి. మొదటిదైతే ముందుకు వెళ్లవచ్చు. రెండోదైతే చట్టం సంగతి ఆలోచించుకోవాలి. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, చట్టబద్ధంగా ప్రోగ్రాం కలిగి ఉన్న వ్యక్తి, తాను స్వతంత్రంగా రాసుకున్న ప్రోగ్రాంను దానితో కలిపి పనిచేయించడానికి అవసరమైన సమాచారం మరోలా సులభంగా దొరకనప్పుడు, దానిని రాబట్టుకోవడానికి తగిన పనులు చేయడాన్ని ఉల్లంఘనగా చూడదు. అదే చట్టంలోని 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాలను ఛేదించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. ఫార్మాట్‌ను అర్థం చేసుకోవడం ఒకటి, అందులోని బొమ్మను మన సొంతమన్నట్టు వాడుకోవడం మరొకటి. ఆ బొమ్మ మీద దాన్ని గీసిన కళాకారుల హక్కు, సంస్థ హక్కు ఫైలు తెరుచుకున్న తర్వాతా అలాగే ఉంటాయి.

చివరగా, తెలుగు బోర్డులు ఉన్న వీధులను గేమ్‌లో కట్టుకోవాలనుకునేవారికి ఈ లెక్క ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. పసుపు పలక మీద ఎర్ర అక్షరాలు డీఎక్స్‌టీ1లో చక్కగా వస్తాయి, ఎందుకంటే ఒక బ్లాకులో ఉండేవి పసుపు, ఎరుపు, వాటి నడిమి ఛాయలు మాత్రమే. అవన్నీ రెండు రంగుల మధ్య గీసిన ఒకే గీత మీద పడతాయి. అదే ఆకుపచ్చ పలక మీద తెల్ల అంచు ఉన్న ఎర్ర అక్షరాలు రాస్తే నాలుగు పిక్సెళ్ల ముక్కలోనే ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు మూడూ వచ్చిపడతాయి. ఆ మూడూ ఒకే గీత మీద ఉండవు కనుక ఏదో ఒకటి బలి కావలసిందే. తలకట్టులు, సుడులు, అక్షరం కింద సన్నగా ఉండే ఒత్తులు ముందుగా దెబ్బతింటాయి. పెద్ద గుండ్రటి అక్షరం నిలబడినా, దాని కింది క్రావడి మురికి మచ్చలా మారిపోతుంది. అలాంటి బోర్డును వీటీఎఫ్‌గా మార్చేటప్పుడు కుదింపు లేని మూడు చానళ్ల ఫార్మాట్‌ను ఎంచుకోండి. 512×256 పలకకు మిప్‌మ్యాప్‌లు కాకుండా 65,536 బైట్ల బదులు 3,93,216 బైట్లు పడతాయి, అంటే ఆరు రెట్లు. వీధి మొత్తానికి ఆ భారం మోయలేమనిపిస్తే ఎదురుగా, దగ్గరగా కనిపించే నాలుగైదు బోర్డులకే అది పరిమితం చేసి, దూరపు బోర్డులకు రెండే రంగులు వాడి డీఎక్స్‌టీ1లోనే ఉంచవచ్చు.